ప్రేమకు కారణం అడిగితే మాట ఎందుకు తడబడుతుంది

ఒక మనిషిని ఎందుకు ప్రేమిస్తున్నారని అడిగితే సాధారణంగా గుణాల చిట్టా ఒకటి జవాబుగా వస్తుంది. మంచి మనసు, చమత్కారమైన మాట, కష్టంలో నిబ్బరం, చూడగానే ఆకట్టుకునే రూపం, ఇలా నాలుగైదు విషయాలు చెప్పాక చెప్పినవారికే అది చాలదనిపిస్తుంది. చాలని మాట నిజమే. గుణాలే ప్రేమకు మూలమైతే, అవే గుణాలు ఇంకాస్త ఎక్కువగా ఉన్న మరో మనిషి తారసపడినప్పుడు ప్రేమ అటు మళ్లాలి. ఆ గుణాలు వయసు మీద పడో జబ్బు చేసో తరిగిపోయినప్పుడు ప్రేమ కూడా అదే పాళ్లలో తరిగిపోవాలి. లోకంలో అలా జరగడం లేదు. పక్కింటి బిడ్డ తన బిడ్డకంటే చురుకైనదని మనస్ఫూర్తిగా ఒప్పుకునే తల్లి కూడా బిడ్డలను మార్చుకోవడానికి ఒప్పుకోదు. చిన్ననాటి స్నేహితుడికంటే తెలివైనవారు ఎంతమంది పరిచయమైనా అతని చోటు అతనిదే. ఇష్టం కలగడానికి గుణాలు సరిపోతాయి గానీ, అవి ప్రేమను వివరించలేవు.

గత 70 ఏళ్లలో జంతుశాస్త్రం, శిశు మనస్తత్వశాస్త్రం, నాడీశాస్త్రం, తత్త్వశాస్త్రం దేని దారిన అది సాగిస్తూ వచ్చిన పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే వేరే జవాబు కనిపిస్తుంది. ఒకరి అవసరాన్ని మరొకరు కనిపెట్టి దానికి స్పందించడం పదేపదే జరిగినచోట ప్రేమ పుడుతుంది. ప్రేమ ఉన్నందువల్ల ఆలనాపాలన చూస్తామన్న మాట ఎంత నిజమో, ఆలనాపాలన చూసినందువల్ల ప్రేమ కలుగుతుందన్నదీ అంతే నిజం. కాకపోతే ఈ రెండో మాటను లోకం అంతగా పట్టించుకోలేదు.

మనిషి బిడ్డ నిస్సహాయత దీనికంతటికీ మొదలు. గుర్రప్పిల్ల పుట్టిన కొద్ది గంటల్లోనే లేచి తల్లి వెంట నడుస్తుంది. మనిషి బిడ్డ తొలి అడుగు వేయడానికి దాదాపు ఏడాది పడుతుంది, తన తిండి తాను సంపాదించుకోవడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పడుతుంది. పుట్టినప్పుడు శిశువు మెదడు పరిమాణం పెద్దవారి మెదడులో మూడోవంతు కూడా ఉండదు. మిగిలిన ఎదుగుదలంతా కడుపు బయట, ఇతరుల చేతుల్లో జరగవలసిందే. ఇంత అరకొరగా పుట్టే జీవి బతికి బట్టకట్టాలంటే, చేతికి ఏ ప్రతిఫలమూ అందకపోయినా రాత్రి నాలుగుసార్లు నిద్ర లేచే మనిషి ఒకరుండాలి. ఆ ఒక్కరూ చాలరని మానవశాస్త్రవేత్త సారా బ్లాఫర్ హర్డీ వాదించారు. వేటాడీ, దుంపలూ కాయలూ ఏరుకునీ బతికిన కాలంలో తల్లి ఒంటరిగా పిల్లలను సాకడం సాధ్యమయ్యే పని కాదనీ, తండ్రి, అమ్మమ్మ, పెద్దపిల్లలు, బంధువు కానివారు కూడా తలో చేయి వేసినందువల్లే మానవజాతి నిలిచిందనీ ఆమె అభిప్రాయం. అదే నిజమైతే శిశువు కన్నతల్లినే కాక తనను ఎత్తుకున్న ప్రతివారినీ ఆకట్టుకోగలగాలి, పెద్దవారు తాము కనని బిడ్డపై కూడా మమకారం పెంచుకోగలగాలి. ప్రేమించే శక్తి రక్తసంబంధానికి మించి పారడానికి పునాది ఇక్కడే పడి ఉండాలి.

బిడ్డకు తల్లిపై ప్రేమ ఎందుకన్న ప్రశ్నకు 20వ శతాబ్దం సగం గడిచేదాకా పండితుల్లో ఎక్కువమంది చెప్పిన జవాబు ఒకటే: ఆమె పాలు ఇస్తుంది కాబట్టి. ఆకలి తీరిన సుఖం క్రమంగా ఆ సుఖాన్ని ఇచ్చిన మనిషికి అంటుకుంటుందని వారు నమ్మారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త హ్యారీ హార్లో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టి, 1958లో ఫలితాలు ప్రకటించారు. పుట్టిన కొద్ది గంటలకే తల్లి నుంచి వేరుచేసిన రీసస్ కోతిపిల్లలకు ఆయన రెండేసి బొమ్మతల్లులను ఇచ్చారు. ఒకటి ఉత్త ఇనుపతీగల చట్రం, రెండోది మెత్తటి తువ్వాలు గుడ్డ చుట్టిన బొమ్మ. కొన్ని పిల్లలకు పాలసీసాను తీగబొమ్మకే అమర్చారు. పాత సిద్ధాంతం ప్రకారం ఆ పిల్లలు తీగబొమ్మనే తల్లిగా భావించాలి. అవి మాత్రం ఆకలేసినప్పుడు తీగబొమ్మ దగ్గరికి వెళ్లి, పాలు తాగి, తాగగానే గుడ్డబొమ్మ దగ్గరికి వచ్చేశాయి; రోజులో అధికభాగం దాన్నే కరుచుకుని గడిపాయి. భయపెట్టినప్పుడు జరిగింది ఇంకా ముఖ్యం. డోలు వాయిస్తూ కదిలే ఎలుగుబంటి బొమ్మను బోనులో వదిలితే, పిల్ల పరుగున వెళ్లి గుడ్డబొమ్మను వాటేసుకుని, ఒళ్లంతా దానికేసి రుద్దుకుని, కాసేపటికి గుండె కుదుటపడ్డాక వెనక్కి తిరిగి ఆ వింత వస్తువును తేరిపార చూసేది. కొన్ని పిల్లలు కిందికి దిగి దాని దగ్గరికి వెళ్లే సాహసం కూడా చేశాయి. అంటే ఆ బొమ్మ దాక్కునే చోటుగానే కాక, లోకాన్ని చూడటానికి ధైర్యమిచ్చే చోటుగా కూడా పనిచేసింది. (బొమ్మల దగ్గర పెరిగిన ఆ పిల్లలు పెద్దయ్యాక తోటి కోతులతో మెలగలేక, తమకు పుట్టిన పిల్లలను సాకలేక నానా అవస్థ పడ్డాయి. ఈ జ్ఞానానికి అవి చెల్లించిన మూల్యం చిన్నది కాదు.)

మనుషుల విషయంలో ఇదే సంగతిని బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ అనుబంధ సిద్ధాంతంగా మలిచారు. తల్లికి దూరమైన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఆయన రాసిన నివేదిక 1951లో వెలువడింది. ఆయనతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఏడాది, ఏడాదిన్నర వయసు పిల్లలను గమనించడానికి ఒక పద్ధతి రూపొందించారు. బిడ్డ కొత్త గదిలో ఆడుకుంటుంది, తల్లి కాసేపు బయటికి వెళ్లి తిరిగి వస్తుంది. తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది ఇందులో ప్రధానం కాదు. ఆమె తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే చూస్తారు. భరోసా ఉన్న బిడ్డ ఆమె చంకెక్కి, ఊరట పొంది, మళ్లీ ఆటలో పడిపోతుంది. మొదటి ఏడాదిలో బిడ్డ ఏడుపుకూ సైగకూ ఇంట్లో ఎంత సరిగా బదులు దొరికిందన్న దానితో ఈ భరోసాకు సంబంధం ఉందని ఆమె తేల్చారు. ఆ సంబంధం నిజమే గానీ ఆమె మొదట అనుకున్నంత బలమైనది కాదని తర్వాతి పరిశోధకులు సవరించారు.

సంబంధం పూర్తిగా తెగిపోతే ఏమవుతుందో రొమేనియా చూపించింది. 1989లో అక్కడి ప్రభుత్వం కూలిపోయాక అనాథాలయాల్లో వేలాది పిల్లల దుస్థితి బయటపడింది. తిండీ నీడా అంతో ఇంతో ఉన్నా, పూటపూటకూ మారే ఆయాల మధ్య ఏ ఒక్కరికీ ప్రత్యేకంగా చెందకుండా ఆ పిల్లలు పెరిగారు. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో 136 మంది చిన్నపిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. దాదాపు రెండేళ్లు నిండేలోపు కుటుంబాల్లోకి చేరిన పిల్లలు అనుబంధంలోనూ, ఎదుగుదలలోనూ మిగతావారికంటే చాలావరకు కోలుకున్నారు. వారిని పెంచిన తల్లులకూ వారికీ రక్తసంబంధమేమీ లేదు.

ఇక పెంచేవారి వైపు నుంచి చూడాలి. తల్లిప్రేమ బిడ్డతోపాటే పుడుతుందన్నది అందరూ నమ్మే మాట. బ్రిటన్‌లో రాబ్సన్, కుమార్ అనే పరిశోధకులు 1980లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తొలికాన్పు తల్లుల్లో దాదాపు 40 శాతం మంది బిడ్డను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు తమకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదని చెప్పారు. వారిలో చాలామందికి వారం తిరిగేలోపు మమకారం కలిగింది. ఆ వారంలో జరిగినదల్లా పాలివ్వడం, గుడ్డలు మార్చడం, జోకొట్టడం, నిద్ర చెడగొట్టుకోవడం. తమలో ఏదో లోపం ఉందని లోలోపల కుమిలిపోయే తల్లులకు ఈ ఒక్క విషయం ముందే చెబితే ఎంతో మేలు జరిగేది, కానీ చెప్పేవారు అరుదు. తండ్రుల సంగతి ఇంకా స్పష్టం. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతంలో 624 మంది యువకులను కొన్నేళ్లపాటు పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తండ్రులైనవారిలో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, అంతకు మించి బిడ్డ పనులు చూసుకునేవారిలో అది మరీ తక్కువగా ఉంది. ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం 2014లో తల్లులనూ, తల్లికి చేదోడుగా ఉండే తండ్రులనూ, తల్లి లేకుండా బిడ్డను పూర్తిగా తామే పెంచుతున్న తండ్రులనూ పోల్చి చూసింది. ఈ మూడో రకం తండ్రుల మెదడులో, బిడ్డ క్షేమం గురించి తల్లిని నిరంతరం అప్రమత్తంగా ఉంచే భాగం తల్లుల్లో మాదిరిగానే చురుగ్గా పనిచేస్తున్నట్టు తేలింది. గర్భం ధరించకపోయినా, కనకపోయినా, ఆ పని భుజాన వేసుకున్న మనిషిలో ఆ మార్పు వచ్చింది.

రక్తసంబంధం మాటేమిటన్న ప్రశ్న సహజం. దగ్గరి బంధువులకు సాయపడే స్వభావం పరిణామక్రమంలో ఎలా నిలదొక్కుకుంటుందో 1964లో జీవశాస్త్రవేత్త డబ్ల్యు.డి. హామిల్టన్ గణితంతో నిరూపించారు: బంధువులో తన జన్యువుల్లో కొంతభాగం ఉంటుంది కనుక, అతనికి జరిగే మేలు కొంతవరకు తన వంశానికీ చేరుతుంది. అయితే జన్యువులు కంటికి కనిపించవు. ఫలానావారు తోబుట్టువని మనసుకు తెలిసేదెలా? దీనికి లీబర్‌మన్, టూబీ, కాస్మిడెస్ 2007లో సమాధానమిచ్చారు. పెద్దపిల్లలైతే తమ తల్లి ఆ పసికందుకు పాలిచ్చి సాకడాన్ని కళ్లారా చూడటం, చిన్నపిల్లలైతే ఆ మనిషితో ఒకే ఇంట్లో ఎన్నేళ్లు పెరిగామన్నది గుర్తుగా మారతాయి. తోబుట్టువు కోసం ఎంత త్యాగానికి సిద్ధపడతామన్నది ఆ లెక్కనే పెరుగుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఇదే సహవాసం శృంగారపరమైన ఆకర్షణను చంపేస్తుందని ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లోనే ఊహించారు. ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్ అనే సామూహిక గ్రామాల్లో పెరిగినవారి పెళ్లిళ్లు 2,700కు పైగా పరిశీలించి 1971లో వెలువరించిన అధ్యయనంలో, పసితనం నుంచి ఒకే గుంపులో పెరిగినవారు ఒకరినొకరు పెళ్లాడటం దాదాపు లేనేలేదని తేలింది. అంటే బంధుప్రేమ సైతం రక్తాన్ని నేరుగా చదవడం లేదు, కలిసి బతికిన ఏళ్లను చదువుతోంది.

స్త్రీపురుషుల మధ్య ప్రేమ దగ్గరికి వచ్చేసరికి ఈ వివరణ చాలదనిపించవచ్చు, ఎందుకంటే అక్కడ ఆకర్షణ ఏళ్ల తరబడి ఆగదు. ఒక్కోసారి ఒక్క సాయంత్రం చాలు. ఆ ఆకర్షణ ఏదో ఒక సంస్కృతి సృష్టించినదనే వాదన చాలాకాలం నడిచింది. జాంకోవియక్, ఫిషర్ 1992లో 166 సమాజాల సమాచారాన్ని జల్లెడ పట్టి, వాటిలో 147 సమాజాల్లో అలాంటి ప్రేమకు ఆధారాలున్నాయని చూపాక ఆ వాదన బలహీనపడింది. కొత్తగా ప్రేమలో పడిన 17 మందికి వారి ప్రియమైనవారి ఫోటోలు చూపిస్తూ తీసిన మెదడు చిత్రాలు 2005లో వెలువడ్డాయి. వాటిలో చురుకుదనం కనిపించినవి డోపమైన్ అనే మెదడు రసాయనంతో నడిచే ప్రాంతాలు, అంటే ఆకలిగొన్నవాడిని అన్నం వైపు, జూదరిని పందెం వైపు లాగే వ్యవస్థ. తొలి రోజుల ప్రేమలో తిండీ నిద్రా పట్టకపోవడానికీ, ఒక్క సందేశం కోసం పదిసార్లు ఫోను చూసుకోవడానికీ కారణం అక్కడుంది.

కానీ ఆ వేడి అదే స్థాయిలో ఎల్లకాలం ఉండదు. అది చల్లారే లోపు ఇంకొకటి పాదుకుంటే ఆ జంట నిలుస్తుంది. ఆ ఇంకొకటి శిశువుకు తల్లితో ఉండే అనుబంధం లాంటిదేనని సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ 1987లో ప్రతిపాదించారు: భయం వేసినప్పుడు వెతుక్కునే మనిషి, దూరమైతే వెలితి మిగిల్చే మనిషి, వెనుక ఉన్నారన్న ధీమాతో లోకంలోకి వెళ్లనిచ్చే మనిషి. దీనికి శరీరంలో ఆధారం వెతికినవారికి ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లో జంటలుగా బతికే ప్రెయిరీ వోల్ అనే చిన్న ఎలుకజాతి జీవి దొరికింది. దాని మెదడులో ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ అనే హార్మోన్లను అందుకునే గ్రాహకాల అమరిక, జంటకట్టని దాని దాయాది జాతుల అమరికకు భిన్నంగా ఉంటుంది. దాంతో ఆక్సిటోసిన్‌కు ప్రేమ హార్మోన్ అన్న బిరుదు తగిలించి పత్రికలు ఊదరగొట్టాయి. 2023లో ఆక్సిటోసిన్ గ్రాహకం లేకుండా జన్యుమార్పిడి చేసిన వోల్‌లు కూడా మామూలుగానే జంట కట్టాయని వెల్లడయ్యాక ఆ ప్రచారం చాలా తొందరపాటని తేలిపోయింది. ఒక్క రసాయనం మీద ప్రేమ భారమంతా వేయడం మొదటి నుంచీ నమ్మదగిన ఆలోచన కాదు.

కోట్లమంది ఉన్న లోకంలో ఈ మనిషే ఎందుకన్న ప్రశ్నకు పరిశోధన ఇచ్చే జవాబు కొంత నిరుత్సాహపరుస్తుంది. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్ర పోలీసు శిక్షణాలయంలో అభ్యర్థులకు ఇంటిపేరు మొదటి అక్షరాల వరుసలో గదులూ కుర్చీలూ కేటాయించేవారు. వారిలో ఎవరికెవరు ఆప్తులయ్యారని అడిగి మాడీ సీగల్ 1974లో ప్రకటించిన ఫలితం ఇది: మతం, వయసు, అభిరుచుల కలయిక కంటే ఇంటిపేరులోని అక్షరమే స్నేహాన్ని బాగా పట్టిచ్చింది. పక్క కుర్చీలో కూర్చోవడమే జీవితకాలపు స్నేహానికి మొదలు కావచ్చు. అయితే దగ్గరితనం దానంతటదే ప్రేమను పుట్టించదు. కాలిఫోర్నియాలోని ఒక గృహసముదాయంలో జరిపి 1976లో వెలువరించిన అధ్యయనంలో, అక్కడివారికి మిత్రులే కాదు, గిట్టనివారు కూడా పక్కిళ్లలోనే ఉన్నారని తేలింది. కలిసి ఉండటం అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ అవకాశంలో ఒకరి మాటకు మరొకరు ఎలా బదులిచ్చారన్నదే మిగతాది తేలుస్తుంది.

ఆ బదులు చాలా చిన్న విషయాల్లో ఉంటుంది. దంపతులను ప్రయోగశాలలో ఏళ్ల తరబడి గమనించిన జాన్ గాట్‌మన్ దృష్టి పెద్ద తగాదాలతోపాటు ఇలాంటి క్షణాల మీద కూడా నిలిచింది: ఒకరు కిటికీలోంచి ఏదో చూసి "అటు చూడు" అంటారు, రెండోవారు తలెత్తి చూస్తారు, లేదా వినిపించుకోనట్టు ఊరుకుంటారు. రోజుకు పదుల సంఖ్యలో వచ్చిపోయే ఈ పిలుపుల్లో ఎన్నింటికి జవాబు దొరికిందన్న దాన్ని బట్టి ఆ కాపురం తీరు చాలావరకు చెప్పవచ్చని ఆయన అంటారు. జవాబు దొరికే మనిషి పక్కనుంటే శరీరం కూడా ఆ సంగతి గుర్తిస్తుంది. జేమ్స్ కోన్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో 16 మంది వివాహిత స్త్రీలను మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, చీలమండకు చిన్న కరెంటు షాక్ తగలవచ్చని హెచ్చరించారు. ఒంటరిగా ఉన్నప్పటికంటే అపరిచితుడి చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయసూచనలు కొంత తగ్గాయి, భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మరింత తగ్గాయి, దాంపత్యం ఎంత అన్యోన్యంగా ఉంటే అంతగా తగ్గాయి.

ఇక్కడ ఒక చేదు నిజం దాటవేయకూడదు. అనుబంధం మంచివారిని ఏరుకుని పెనవేసుకోదు. హార్లో బృందం తర్వాతి ప్రయోగాల్లో పిల్లలను విదిలించే, గాలి చిమ్మి బెదరగొట్టే బొమ్మతల్లులను కూడా తయారుచేసింది. పిల్లలు పారిపోవడం పోయి, వాటినే మరింత గట్టిగా పట్టుకున్నాయి. భయం వేసినప్పుడు తల్లిని వెతుక్కోవడమే ఆ వ్యవస్థ పని కనుక, భయపెట్టేది తల్లే అయినప్పుడు దానికి వేరే దారి తెలియదు. హింసించే భాగస్వామిని వదిలి రాలేనివారిని తెలివితక్కువవారని తీసిపారేసేవారు ఈ సంగతిని గమనించరు. ప్రేమ ఉందంటే ఆ మనిషి ప్రేమకు తగినవాడని అర్థం కాదు.

తత్త్వవేత్తలు ఈ ప్రశ్నను మరో వైపు నుంచి పట్టుకున్నారు. ప్రయోజనం కోసం, ఆనందం కోసం, సద్గుణం కోసం అంటూ అరిస్టాటిల్ స్నేహాన్ని మూడు తరగతులు చేసి, మూడోదే నిలకడైనదన్నారు. సద్గుణాన్ని అగ్రస్థానంలో పెట్టినా, మొదట వేసిన ప్రశ్న అలాగే మిగిలింది: అంతకు మించిన గుణవంతుడు కనిపిస్తే? హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ జవాబు, ప్రేమ విలువను చూసి కలిగేది కాదని, ప్రేమించినందువల్లే ఆ మనిషి మనకు విలువైనవాడవుతాడని. ఈ జవాబులో ధైర్యం ఉంది గానీ, ప్రేమ ఎవరి మీదైనా ఎందుకైనా వాలిపోయే వస్తువుగా మారిపోయే ప్రమాదం కూడా ఉంది. నికో కొలోడ్నీ 2003లో మధ్యేమార్గం సూచించారు: ప్రేమకు హేతువు ఆ మనిషి గుణాల్లో కాక, ఆ మనిషితో ఉన్న సంబంధంలో ఉంది. గుణాలను పోల్చవచ్చు, వాటిని మించినవి దొరకవచ్చు. కలిసి గడిపిన 20 ఏళ్లకు నకలు ఎక్కడా దొరకదు. ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి "మరొకరు దొరుకుతారులే" అన్న ఓదార్పు ముల్లులా గుచ్చుకోవడానికి కారణం అదే. పైన చెప్పిన ప్రయోగాలన్నింటితో చక్కగా అతికేది కొలోడ్నీ మాటే.

దీనికి అన్నిటికంటే కఠినమైన పరీక్ష మతిమరుపు వ్యాధి. అల్జీమర్స్ ముదిరిన మనిషిలో ఒకప్పుడు నచ్చిన చమత్కారం, జ్ఞాపకశక్తి, నిబ్బరం అన్నీ కరిగిపోతాయి. చివరికి ఎదురుగా ఉన్న భార్యనో భర్తనో గుర్తుపట్టే శక్తి కూడా పోతుంది. గుణాల లెక్కన చూస్తే ప్రేమకు మిగిలిన కారణం సున్నా. అయినా స్నానం చేయిస్తూ, ముద్ద కలిపి నోటికి అందిస్తూ ఏళ్లు గడిపేవారు ఎందరో ఉన్నారు, వారి మమకారం చాలాసార్లు తగ్గకపోగా పెరుగుతుంది. ఉమ్మడి గతం ఇప్పుడు ఒక్కరి దగ్గరే భద్రంగా ఉంది, సేవ మాత్రం ప్రతిరోజూ కొత్తగా జరుగుతోంది. రెండో వైపు పూర్తిగా శూన్యమనుకోవడం కూడా సరికాదు. అయోవా విశ్వవిద్యాలయంలో 17 మంది అల్జీమర్స్ రోగులకు విషాద, హాస్య దృశ్యాలు చూపించి 2014లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, తాము ఏం చూశారో చాలావరకు మరిచిపోయిన తర్వాత కూడా ఆ దృశ్యాలు కలిగించిన దిగులు, సంతోషం వారిలో అరగంట దాకా కొనసాగాయి. ఎవరు వచ్చి పలకరించారో మరిచిపోయిన మనిషిలో, ఆ పలకరింపు కలిగించిన నెమ్మది ఇంకా ఉండవచ్చు.